పెట్రోలు మూతకు పెట్టిన బెల్లం

“వదలద్దు. నేను చెప్పకముందే వదిలితే సంపుతా.”

“వదల్లేదు. పట్టుకోనే ఉండా.”

నా మొగుడూ నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. మార్చకుండా రాయి. ఆయన కారు వెనక కుడిపక్కన వంగి స్క్రూడ్రైవరుతో పెట్రోలు మూతను పొడుస్తున్నాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని, తల కిందికి వంచి, సీటుకూ తలుపుకూ నడుమ ఉండే చిన్న లీవరును పైకి లాగి పట్టుకున్నాను. ఆ లీవరు లాగితే వెనక మూత తెరుచుకోవాలి. మా కారుకు తెరుచుకునేది కాదు. అంత చిన్న సంగతికి ఆయన పోయాడు.

చావు రోజున మా అత్త నా రెండు భుజాలూ పట్టుకుని ఊపింది. “నా కొడుకు ఆఖర్న ఏమన్న్యాడే?” అని అదొక్కటే అడిగింది. “అమ్మా అన్నాడు” అని చెప్పాను. అది అబద్ధం. ఆ అబద్ధం ఆమె ఏడాదిగా ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటోంది. చెప్పి కళ్లు తుడుచుకుని, అప్పుడు కాస్త అన్నం తింటోంది.

వచ్చే వారం సంవత్సరీకం. అది అయిన మర్నాడు నన్ను పుట్టింటికి పంపేయాలని మా పెద్దాడబిడ్డ తీర్మానం చేసింది. ఆమె ధర్మవరంలోనే, మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. మొన్న వాకిట్లో నిలబడి నలుగురూ వినేట్టు అన్నది: “మూతకు పసుపు మెత్తి నా తమ్ముణ్ణి సంపింది. ఏడాది పెట్టుకున్న్యాం, సాలు. ఓబులదేవరచెరువు బస్సెక్కించండి దీన్ని.” ఆ ఊళ్లో మా అన్న ఉన్నాడు. పోతే రెండు పూటలా పెడతాడు. నాకు పిల్లలు లేరు, పట్టుకుని వేలాడటానికి ఈ ఇంట్లో కారణమూ లేదు. అయినా మొగుణ్ణి చంపినదానిగా నేను ఆ బస్సు ఎక్కను. అత్త ఇంతవరకూ ఏమీ అనలేదు. ఇది ఆమె ఇల్లు. ఉండమంటే ఉంటాను, పొమ్మంటే పోతాను. కానీ జరిగిందంతా తెలిసి అననీ.

అందుకే మా తోడికోడలిని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. మా మరిది పెళ్లాం, ఇంటరు దాకా చదివింది. నాకు సంతకం వరకే వచ్చు. నా నోట్లోంచి వచ్చే బూతులు మాత్రం రాయనంటోంది. సరే, వాటి దగ్గర చుక్కలు పెట్టుకో అన్నాను. పేజీ అంతా చుక్కలే అవుతాయంటుంది.

ఆయన మొదట నేతగాడు. మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంటలోకి దిగలేక నేత మానుకున్నాడు. ఒక పాత కారు తెచ్చుకుని, హిందూపురంలో పట్టు నూలు ఎక్కించి, ధర్మవరంలో మగ్గాల ఇళ్లకు దించేవాడు. మగ్గం మీద తెగిన పోగును అతికేటప్పుడు ఆయన్ను చూడాలి. అన్ని వందల పోగుల్లో తెగినదాన్ని వెతికి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వేలి కొసలతో మెలితిప్పేవాడు. ఎంతసేపైనా విసుగు లేదు. ఆ వేళ్లే నా జుట్టులోకి వచ్చేసరికి వేరే మనిషివి అయిపోయేవి. ఇరవై రెండేళ్లు ఆ వేళ్లతోనే కాపురం చేశాను. కొట్టిన వెంటనే అన్నం పెట్టమనేవాడు. బాగా తినేవాడు. పక్కన కూర్చుని వడ్డించకపోతే మళ్లీ లేచేవాడు. దెబ్బల కంటే ఆ వడ్డించడమే కష్టంగా ఉండేది నాకు.

కారు వచ్చిన మొదటి ఆయుధపూజ. మా ఇంట్లో ఆ రోజు మగ్గానికి బెల్లం, కొబ్బరి తినిపిస్తారు. అడ్డపోగు మోసే నాడె దూరే చోటు మగ్గానికి నోరని మా అత్త లెక్క. మనకు కూడు పెట్టేదాని నోట్లో మన చేత్తో ఇంత పెట్టాలంటుంది. రాట్నానికీ పెడుతుంది, కత్తెరకు కూడా రవ్వంత రాస్తుంది. ఆ ఏడు బెల్లం పళ్లెం పట్టుకుని కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

“దీనికి నోరు యాడుండాదిరా?” అని కొడుకును అడిగింది.

ఆయనకు ఆ రోజు సంతోషంగా ఉంది. గట్టిగా నవ్వి, లీవరు లాగి, మూత తెరిచి చూపించాడు. “ఈడమ్మా. ఈడ్నుంచే తాగేది.”

“తాగేనోరు తినదా ఏం?” అని ఆమె బెల్లమూ కొబ్బరీ కలిపి పిసికి, తడిముద్ద చేసి, మూత అంచు వెంబడి, కొక్కెం దూరే బెజ్జం దాకా మెత్తింది. ఆయనే తన చేత్తో మూత నొక్కి మూశాడు. ముద్ద పక్కలనుంచి బయటికి వచ్చింది. “తిన్న్యాది సూడమ్మా, మూతి తుడవల్ల” అన్నాడు. అందరం నవ్వాము. పైన పసుపు బొట్టు పెట్టింది నేను. నా చెయ్యి ఆ మూతను తాకింది అంతవరకే.

ఎండకు కారు రేకు పెనంలా కాలుతుంది కదా. బెల్లం కరిగి లోపలికి దిగింది. పొద్దుగూకి చల్లబడితే గడ్డకట్టింది. అట్లా మూడు రోజులు. నాలుగోనాడు మా ఆడపడుచు వరసామె ఇంట్లో పెళ్లికని హిందూపురం పోతున్నాము. పెనుకొండ బంకులో పెట్రోలుకు ఆపాడు. లీవరు లాగాడు. మూత కదల్లేదు. మళ్లీ లాగాడు. బంకులో పెట్రోలు పట్టే మనిషి పైపు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“ఏమప్పా, బండి ఉపవాసముండాదా? నోరు తెరవకుండాదే!”

వెనక రెండు మోటారు సైకిళ్లవాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో ఆయన మొహం మారింది. దిగి పోయి పిడికిలితో మూతను గుద్దాడు. తన్నాడు. రేకు సొట్టపోయింది. సీటు కింద స్క్రూడ్రైవరు తీసి సందులో దూర్చి, ఒళ్లంతా మోపి పెకిలించాడు. పెయింటు పెచ్చులుగా లేచింది. చివరికి టప్పుమని ఏదో విరిగిన చప్పుడుతో మూత తెరుచుకుంది. లోపలినుంచి గండుచీమలు బిలబిలమని బయటికి వచ్చాయి.

“పెట్రోలు పోసేదా, పాయసం పోసేదా?” అన్నాడు బంకు మనిషి.

ఆయన వాడిని ఏమీ అనలేదు. అటునుంచి చుట్టు తిరిగి వచ్చి నా తలుపు తెరిచి, జడ పట్టుకుని బయటికి లాగాడు. “ఏం మెత్తినావే దీనికి?” అని చెంప మీద కొట్టాడు. జడలో పూలు పెట్రోలు మరకల్లో పడ్డాయి. పెళ్లికి పోయే చీర నాది.

“అత్త బెల్లం పెట్టె. నువ్వే కదా నోరు సూపించి మూత మూస్తివి?” అన్నాను.

నిజం చెప్పడం అదే మొదటి తప్పు. “మా అమ్మ పేరెత్తుతావా?” అని నన్ను సీట్లోకి తోసి తలుపు వేశాడు. నా ఎడమ చెయ్యి ఇంకా తలుపు సందులోనే ఉంది. ఉంగరం వేలు నలిగి, గోరు ఊడి, తలుపు రబ్బరుకు అంటుకుంది. ఇదిగో, ఈ వేలు. ఇప్పటికీ ముడవడం రాదు. ఆ వేలితోనే పెళ్లికి పోయి, కొంగులో చెయ్యి దాచుకుని అక్షింతలు వేశాను.

ఆయనకు తెలుసు, బెల్లం తన తల్లిదని. తల్లి మీదికి లేవలేని చెయ్యి ఎక్కడో ఒకచోట దిగాలి. ఇంటికి వచ్చాక, “ఇది పసుపు అంగుళం మందాన మెత్తింది, మూత బిగుసుకుపోయింది” అని అందరికీ చెప్పాడు. నేను నోరు తెరవలేదు. మా అత్త నా వేలు చూసి ఏమీ అడగలేదు. పసుపూ సున్నమూ కలిపి కట్టు కట్టింది. కట్టేటప్పుడు నా మొహం చూడలేదు. ఆమెకు తెలిసి చూడలేదా, తెలియక చూడలేదా, అది నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే హిందూపురంలో ఒక మెకానిక్కు దగ్గర ఆపాడు. ఆ మనిషి మూత చుట్టూ వేలితో తడిమి తల ఎత్తాడు.

“ఎవరబ్బా దీన్ని గడ్డపారతో పొడిచింది?”

“నేనే.”

“నువ్వా! దొంగోడనుకుంటి. దొంగోడైనా ఇంతకన్నా నెమ్మదిగా తీస్తాడప్పా.”

వేడినీళ్లు తెప్పించి పోశాడు. బెల్లం ఎర్రటి నీళ్లుగా కారిపోయింది. పాత పళ్లు తోముకునే బ్రష్షుతో రుద్ది, నూనె వేశాడు. తరవాత చెప్పిన మాటలు నేను ఒక్కటి కూడా మరిచిపోలేదు. “బెల్లం నీళ్లకు పోయింది. దాని తప్పు అయిపోయింది. ఇంగ పోనిది నీ స్క్రూడ్రైవరు పని. లోపల మూతను పట్టే నాలిక వంగిపోయింది, కేబులు సాగిపోయింది. బెంగుళూరునుంచి సామాను తెప్పించి వేస్తా, బండి రెండు దినాలు ఈడ వదిలిపెట్టు.” అంతవరకూ ఎట్లా తెరవాలో కూడా నేర్పించాడు. ఒక మనిషి లోపల లీవరు పైకి పట్టుకోవాలి. ఇంకో మనిషి బయట మూతను పీకకూడదు, ముందు అరచేత్తో లోపలికి నొక్కాలి. నొక్కి వదిలితే కొక్కెం జారి మూత తనంతట తాను లేస్తుంది. ఒక్కడే ఉంటే? దానికీ దారి చూపించాడు. డిక్కీ లోపల పక్క అట్ట ఊడదీసి, కొక్కేనికి ఒక నైలాను తాడు కట్టి, కొస బయటికి వదిలాడు. “ఎవరూ లేకుంటే ఇది లాగు. అంతే.”

దారిలో ఆయన నాతో ఒకే మాట అన్నాడు. “నాకు సెప్పేంత మొగోడా వాడు?” బండి వదిలిపెట్టనూ లేదు, సామాను తెప్పించనూ లేదు. డిక్కీలో తాడు ఉందన్న సంగతే తన నోటితో ఎత్తలేదు. మూత తెరవాలంటే ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషిని నేనయ్యాను.

అట్లా మగ్గానికి నూలు కండెలు చుట్టే పని పక్కన పెట్టి ఎనిమిది నెలలు ఆయనతో తిరిగాను. పొద్దున్నే హిందూపురం, మధ్యాహ్నానికి పెనుకొండ, సాయంత్రం ధర్మవరం. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను అంత ఊరు చూడలేదు. హిందూపురంలో పట్టుగూళ్ల సంత వాసన, కన్నడమూ తెలుగూ కలిపి తిట్టుకునే హమాలీలు, చింతపండు బస్తాల లారీలు. నేను రోడ్డు పక్కన బజ్జీ తినడం కూడా అప్పుడే. మూతకు నేను ఒకరకంగా రుణపడి ఉన్నాననిపించేది. పెనుకొండ బంకులో వాళ్లకు నేను బాగా తెలిసిపోయాను. “అక్క వచ్చింది, మూత వచ్చినట్టే” అనేవాళ్లు.

లీవరు పట్టుకోవడంలో నాకు ఒక నేర్పు వచ్చింది. కేబులు బిగిసినప్పుడు వేళ్లకు చిన్నగా వణుకు తెలుస్తుంది. కొక్కెం జారేముందు ఆ వణుకు ఆగిపోతుంది. అప్పుడు నొక్కితే ఒక్కసారికే వస్తుంది. ఆయన నొక్కేవాడు కాదు. పీకేవాడు. మెకానిక్కు పీకవద్దన్నాడు కాబట్టి పీకేవాడు. రాకపోతే లీవరు నేను సరిగా పట్టలేదని వచ్చి వేళ్ల మీద కొట్టేవాడు. పెట్రోలు పోయించడమంటే ఇద్దరికీ యుద్ధమే. అందుకే అడుగంటేదాకా బంకులోకి తిప్పేవాడు కాదు.

ఒకరోజు బంకులో ఆయన ఎవరితోనో ఫోను మాట్లాడుతూ పక్కకు పోయాడు. వెనక బండ్లు ఆగిపోయి హారన్లు కొడుతున్నాయి. బంకులో ఊడ్చే ఆమెను పిలిచి లీవరు పట్టుకోమన్నాను. “వేళ్లకు వణుకు ఆగిపోతే సెప్పక్కా” అన్నాను. “ఆగింది” అంది. అరచెయ్యి ఆనించి నొక్కి వదిలాను. మూత మెల్లగా లేచింది. గీర కూడా పడలేదు. ఆ ఊడ్చే ఆమె చప్పట్లు కొట్టింది. బంకు మనిషి, “ఇంగ డ్రైవరు పని కూడా అక్కకే ఇచ్చేయప్పా” అన్నాడు. ఫోను పట్టుకుని ఆయన అది చూశాడు.

ఇంటిదాకా ఆగలేదు. బంకు దాటాక చింతచెట్ల దగ్గర కారు ఆపి, ఎడమ చేత్తో నా మెడ పట్టి అద్దానికి ఆనించి, కుడి అరచేత్తో ఎడమ చెవి మీద కొట్టాడు. ఎన్నిసార్లో లెక్క తెలియదు. చెవిలోంచి వెచ్చగా కారింది. “నొక్కితే వస్తాదా? ఇప్పుడు నొక్కుతాండా, వస్తాదా?” అంటున్నాడు. ఆ చెవికి ఆ రోజునుంచీ ఏమీ వినబడదు. కుడిచెవి బాగా వినబడుతుంది. ఇది గట్టిగా గీత గీసి రాయి. కుడిచెవి బాగా వినబడుతుంది.

ఎందుకంటే ఆయన పోయాక అందరూ ఒక మాట అనుకుని సర్దుకున్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. దానికి చెవుడు, బండి వచ్చేది వినబడలేదు, పాపం అని. నేను విన్నాను.

ఆ రోజు హిందూపురంలో డిక్కీ నిండా, వెనక సీటు నిండా పట్టు నూలు మూటలు ఎక్కించాము. సోమందేపల్లి దాటాక, పెనుకొండ కొండ ఎదురుగా కనబడుతుండగా కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. ఆయన ఎవరి మోటారు సైకిలో ఎక్కి బంకుకు పోయి, నీళ్ల సీసాలో పెట్రోలు తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. మా కారుకు మూత కుడిపక్క, అంటే బండ్లు పోయే పక్క. ఆయన సీసా కారు మీద పెట్టి, “పట్టు” అన్నాడు. పట్టాను. పీకాడు. రాలేదు. ఇంకోసారి పీకాడు, అప్పుడూ రాలేదు.

నేను దిగి చెప్పాను. “ఇదో, డిక్కీలో తాడుండాది కదా. రెండు మూటలు దించితే అందుతాది.”

“పట్టు నూలు రోడ్డు మీద పరిచేదానికి మీ అమ్మొచ్చి ముగ్గేసి పెట్టిందా?”

“నా కొంగు పరుస్తా, దాని మీద పెట్టు.”

అంతే. సీసా ఎత్తి నా మొహం మీద విసిరాడు. సీసా మూత బిగించి ఉంది కాబట్టి పెట్రోలు పోలేదు గాని, పెదవి పగిలి పన్ను కదిలింది. నన్ను సీట్లోకి నెట్టి, లీవరు మీద నా వేళ్లు పెట్టి, స్క్రూడ్రైవరు పిడితో ఆ వేళ్ల మీదే కొట్టి, “ఈతూరి వదిలితే సూడు” అన్నాడు. రక్తానికి లీవరు జారుతోంది. వదిలితే మళ్లీ వస్తాడు. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన వెనక్కి పోయాడు. నేను మొదట రాయించిన ఆ రెండు మాటలు అప్పుడు మాట్లాడుకున్నాము.

హారను వినబడింది. పొడుగ్గా, ఆపకుండా. తల ఎత్తాను. పక్క అద్దంలో ఆయన వీపు కనబడింది, ఆ వీపు వెనక కోళ్ల బండి కనబడింది. గంపల మీద గంపలు కట్టిన వ్యాను, పక్క బండిని తప్పించబోయి మా వైపు తిరుగుతోంది. ఆయన పీకుతూనే ఉన్నాడు. ఆయనకూ హారను వినబడే ఉంటుంది. ఆ రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉంటాయి, ఎవరు లెక్కపెడతారు? నా దగ్గర ఒక్క మాటకు సమయం ఉంది. “జరుగు” అంటే చాలు. నేను అనలేదు.

ఎందుకు అనలేదో చెప్పమని నన్ను నేనే ఏడాదిగా అడుగుతున్నాను. ఆయన చేతులు పనిలో ఉన్నప్పుడు నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఏమైందో పైన రాయించాను. నోరు తెరవకూడదని ఒళ్లు నేర్చుకుంది. అది నిజం. అంతకు కొంచెం ముందే పన్ను కదిలింది, నోట్లో రక్తం ఉంది, ఆయన పోతే బాగుండునని అనుకున్న రోజులు లేకపోలేదు. అదీ నిజం. ఆ క్షణంలో వీటిలో ఏది నా గొంతు పట్టుకుందో నాకు తెలియదు. తెలిస్తే అదీ రాయించేదాన్ని.

చప్పుడు గురించి ఎక్కువ రాయవద్దు. వ్యాను ఆయన్ను కారు పక్కకు రాసుకుంటూ ముందుకు ఈడ్చుకుపోయింది. నా తలుపు అద్దం ఎర్రబడింది. గంపలు తెగి రోడ్డంతా కోళ్లు. రెక్కలు కొట్టుకుంటూ, కాళ్లు విరిగి, అరుస్తూ. ఆగిన బండ్లవాళ్లలో కొందరు మొదట కోళ్లను పట్టుకున్నారు. ఒకాయన రెండు చేతుల్లో నాలుగు కోళ్లు కాళ్లు పట్టి వేలాడదీసుకుని, నా మొగుడి మీదుగా దాటి పోయాడు. నేను చూశాను. ఒక ఆటో అతను మాత్రం నా దగ్గరికి వచ్చాడు. “అమ్మా, వదులమ్మా. వదులు తల్లీ” అంటూ లీవరు మీదనుంచి నా వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీశాడు. ఆయన చెప్పేదాకా వదలొద్దన్నాడు కదా. నేను వదల్లేదు. మూత అప్పటికీ మూసుకునే ఉంది.

ఇంట్లో పదో రోజున పెద్దాడబిడ్డ నా చేతులు రాతి మీద పెట్టి, గాజులు తానే గుండ్రాయితో పగలగొట్టింది. గాజు దిగి మణికట్టు చీలింది. “పసుపు మెత్తిన సెయ్యి ఇదే కదా?” అని ఇంకో దెబ్బ కొట్టింది. ఇంటి నిండా జనం. “వదినా, పసుపు కాదు” అని నోటిదాకా వచ్చింది. మా అత్త ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పసుపు కాదంటే మరేమిటని అడుగుతారు. బెల్లం అనాలి. పెట్టింది ఆమె. ఆ మాట అంటే ఆ మనిషి ఆ గోడ దగ్గరే పోతుందనిపించి మింగేశాను.

తరవాత కారును తెచ్చి మా ఇంటి పక్క సందులో పెట్టారు. నెల రోజులు చూశాను. ఒకనాడు ఎవరూ లేనప్పుడు రోకలి తీసుకుపోయి ఆ మూతను కొట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టాను. ఆయన్ను కొట్టినట్టే కొట్టాను, ఆయన తిట్లే తిట్టాను. రేకు లోపలికి పోయి చిరిగింది గాని తెరుచుకోలేదు. మా అత్త చప్పుడు విని వచ్చి చీపురు తిప్పి నా వీపు మీద బాదింది. “నా కొడుకు బండి! నా కొడుకు బండే!” అని ఏడుస్తూ బాదింది. నేను అడ్డం పెట్టుకోలేదు. ఆమెకు ఆయాసం వచ్చి ఆగింది. ఇద్దరమూ ఆ సందులోనే మట్టిలో కూర్చున్నాము. నా తల నిమరలేదు, నన్ను తిట్టలేదు. ఆయాసం తీరాక, “వాడు నిన్ను రోజూ కొడతాండ్య, నేను సూసినా” అంది. ఆ ఒక్క మాట అని లేచి లోపలికి పోయింది. ఆ మాట పట్టుకునే నేను ఈ ఏడాది ఈ ఇంట్లో ఉన్నాను.

ఇంతవరకూ రాసి మా తోడికోడలు పెన్ను కింద పెట్టింది.

“అక్కా, బెల్లం సంగతి తీసేద్దాం. ఆ యమ్మ వింటే పానం నిలవదు. ఇంగ హారను మాట ఉంటే నిన్ను ఈ గడపలో ఉండనియ్యరు. నువ్వెందుకు నీ మెడకు నువ్వే తాడేసుకుంటాండావు?”

“బెల్లం తీస్తే పసుపు నాదవుతాది పాపా. హారను తీస్తే నేను సెవిటిదాన్ని అవుతా. ఇంగ నేనేం మిగిలిండా?”

“మామూలుగా సెప్పుకో. అందరూ అట్లే కదా బతికేది.”

“రేపు నీ మొగుడూ కారు కొంటే, పండక్కి అత్తను దానికి బెల్లం పెట్టనిస్తావా?”

ఆమె మళ్లీ పెన్ను తీసుకుంది.

ఇంకొక్క మాట రాయి, అత్తకు. అత్తా, బెల్లం నీళ్లకు పోయింది. నా ముందరే పోయింది, ఎర్రగా కారి మట్టిలో ఇంకిపోయింది, నేను కళ్లారా చూశాను. నువ్వు పెట్టిందానితో నీ కొడుకు పోలేదు. వంగింది నాలిక, వంచింది ఆయన చెయ్యి. ఆ చెయ్యి నీకు తెలుసు. హారను విని నేను అరవలేదు, అది నా తప్పు, దాన్ని నేను మోస్తాను. ఆయన ఆఖరున అమ్మా అనలేదు. ఆ మాట నేను కల్పించాను. నీకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది, నా దగ్గర అంతకన్నా లేదు. ఇది విని నువ్వు పొమ్మంటే, సంవత్సరీకం దాకా కూడా ఉండను. నా బట్టలు సర్దుకోవడానికి ఎంతసేపు? ఉండమంటే, పెద్దాడబిడ్డ వచ్చినప్పుడు నువ్వే ఆమెకు చెప్పాలి. నేను చెప్పను.

చాలు. ఆ పుస్తకం మూయొద్దు. అత్త లోపల కండెలు చుడుతోంది, ఆ తలుపు ఇంకొంచెం తెరువు. మొదటినుంచీ నాకు చదివి వినిపించు పాపా. గొంతు తగ్గించుకోకుండా, గట్టిగా చదువు.